ఉద్ముర్త్ వంశాలు, వలసలు, మాండలికాలు: ఏది దేన్ని మలిచింది?

సంక్షిప్తంగా: రష్యాలో వ్యాత్కా, కామా నదుల మధ్య నివసించే ఉద్ముర్త్ ప్రజలు ఒకప్పుడు సుమారు 70 వంశాలుగా ఉండేవారు. ఆ వంశాల పేర్లు ఊళ్ళ పేర్లలో నిలిచిపోవడంతో, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళారో నేటికీ కొంతవరకు చెప్పవచ్చు. ఉద్ముర్త్ మాండలికాలు వంశానికొకటిగా పుట్టాయన్న అభిప్రాయం మాత్రం సరైనది కాదు. వలస వచ్చిన వంశం ఏ నదీలోయలో దిగింది, ఏ రాజ్యం కిందికి వచ్చింది, ఇరుగుపొరుగు ఏ భాష మాట్లాడారు, కోడళ్ళు ఏ ఊళ్ళ నుంచి వచ్చారు అన్నవే మాండలికాన్ని ఎక్కువగా నిర్ణయించాయి.

ఉద్ముర్తుల గణతంత్రమైన ఉద్ముర్తియా రాజధాని ఇజెవ్స్క్‌కు దక్షిణాన మలయా పుర్గా అనే ఊరుంది. రష్యన్ మాత్రమే తెలిసినవారికి ఆ పేరు ‘చిన్న మంచుతుఫాను’ అని వినిపిస్తుంది. ఇజెవ్స్క్‌కు ఉత్తరాన ఉన్న ఇగ్రా అనే ఊరి పేరును రష్యన్‌లో చదివితే ‘ఆట’ అని అర్థం. నిజానికి ఈ రెండు ఊళ్ళకూ తుఫానుతో గానీ ఆటతో గానీ సంబంధం లేదు. పుర్గా, ఎగ్రా అనేవి రెండు ఉద్ముర్త్ వంశాల పేర్లు. రష్యన్ లేఖకులు ఎగ్రాను తమకు తెలిసిన ‘ఇగ్రా’గా రాసుకున్నారు. పుర్గాను మార్చాల్సిన అవసరమే రాలేదు, ఆ ధ్వనితో మాట వారి భాషలో అప్పటికే ఉంది. అదే పేరుతో ఇగ్రా జిల్లాలో బొల్షయా పుర్గా, అంటే ‘పెద్ద పుర్గా’ అనే మరో ఊరు కూడా ఉంది. ఒకే వంశం పేరు ఉత్తరాన ఒకచోట, దక్షిణాన ఒకచోట ఎలా పడింది? ఆ రెండు చోట్ల వారూ ఒకే యాసలో మాట్లాడతారా? ఉద్ముర్త్ భాషా చరిత్రలోని చిక్కుముడి మొత్తం ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

ఈ చర్చకు ఇప్పుడు ప్రాముఖ్యం పెరగడానికి కారణం జనాభా లెక్కలు. 2010 లెక్కల్లో రష్యాలో 5,52,299 మంది తమను ఉద్ముర్తులుగా నమోదు చేసుకున్నారు. 2021 లెక్కల్లో ఆ సంఖ్య 3,86,465కు పడిపోయింది. తమను ఉద్ముర్తులుగా చెప్పుకునేవారే ఇంత వేగంగా తగ్గుతుంటే, వారి భాషలో ముందుగా కనుమరుగయ్యేది స్థానిక యాసలే. వాటితోపాటు, రాతలో ఎక్కడా నమోదు కాని వలసల చరిత్ర కూడా పోతుంది.

వోర్షుద్: వంశమూ, దైవమూ

ఉద్ముర్త్ భాష ఉరాలిక్ కుటుంబంలోని పెర్మిక్ శాఖకు చెందింది. దీనికి అతి దగ్గరి బంధువులు కోమి, కోమి-పెర్మ్యాక్ భాషలు. ఫిన్నిష్, హంగేరియన్ దూరపు చుట్టాలు. ఉద్ముర్త్‌లో వంశాన్ని వోర్షుద్ అంటారు. ఆ వంశాన్ని కాపాడే దైవం పేరు కూడా వోర్షుదే. ఒక ఊరిలో ఆ దైవానికి గుర్తుగా ఒక పెట్టె ఉండేది. దాన్ని కువాలా అనే చెక్క గుడిలో భద్రపరిచేవారు. కువాలాకు కిటికీలు ఉండవు, నేల మట్టిదే, మధ్యలో పొయ్యి. ఇంటింటికీ ఒక చిన్న కువాలా, వంశం మొత్తానికి ఒక పెద్ద కువాలా ఉండేవి.

వోర్షుద్‌లో ముఖ్యమైన నియమం పెళ్ళికి సంబంధించినది. ఒకే వోర్షుద్‌కు చెందిన స్త్రీపురుషులు పెళ్ళి చేసుకోకూడదు. సగోత్రీకుల మధ్య సంబంధం కలుపుకోకపోవడం ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచదు. కొత్తగా తోచేది దాని తర్వాతి మెట్టు. పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన స్త్రీని ఆ ఊళ్ళో ఆమె సొంత పేరుతో కాక, పుట్టింటి వోర్షుద్ పేరుతో పిలిచేవారు. పుర్గా వంశం నుంచి వచ్చిన కోడలు ‘పుర్గా’, ఎగ్రా వంశం నుంచి వచ్చిన కోడలు ‘ఎగ్రా’. మగవారి వంశం పొలం, ఊరు, కువాలాలకు అంటిపెట్టుకుని ఉంటే, ఆడవారి వంశం పేరు రూపంలో ఊరూరూ తిరిగింది. వంశాల పేర్లు ఇంతకాలం జనం నోట నిలవడానికి ఈ ఆచారం చేసిన మేలు తక్కువది కాదు.

18వ శతాబ్దంలో క్రైస్తవ మత మార్పిడులు ఊపందుకున్నాక కువాలాలు క్రమంగా మూతపడ్డాయి, జ్ఞానస్నానంతో రష్యన్ పేర్లు వచ్చాయి, ఆ పేర్ల నుంచే ఇంటిపేర్లు పుట్టాయి. వంశాన్ని తెలిపే ఆధారం మనుషుల పేర్లలోంచి జారిపోయి ఊళ్ళ పేర్లలో మిగిలింది. మొఝ్గా పట్టణం, యక్షుర్-బొద్యా, బొల్షయా ఉచా, బొల్షయా నోర్యా వంటివన్నీ వోర్షుద్ పేర్లను మోస్తున్నవే. ఉద్ముర్త్‌లో ‘షుర్’ అంటే నది, ‘గుర్త్’ అంటే ఊరు, ‘కర్’ అంటే కోట లేదా పట్టణం. ‘బద్జిమ్’ పెద్ద, ‘పిచి’ చిన్న. మలయా పుర్గాను ఉద్ముర్తులు నేటికీ పిచి పుర్గా అనే అంటారు. భాషావేత్త మిఖాయిల్ అతమనోవ్ దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి ఇటువంటి పేర్లను సేకరించి, ఏ వంశం ఏ దారిన వెళ్ళిందో పటం గీసే ప్రయత్నం చేశారు. సుమారు 70 వోర్షుద్ పేర్లన్న లెక్క అటువంటి సేకరణల నుంచి వచ్చిందే.

పిడికెడు బూడిదతో కొత్త ఊరు

వంశం చీలడం ఎలా జరిగేదో చూస్తే ఒకే పేరు రెండు మూడు చోట్ల ఎందుకు కనబడుతుందో అర్థమవుతుంది. అక్కడి వ్యవసాయం అడవిని నరికి, కాల్చి, కొన్నేళ్ళు పండించి, సారం తగ్గాక మరోచోటికి జరిగే పద్ధతిలో సాగేది. ఊరు పెరిగేకొద్దీ దగ్గరలోని అడవి చాలేది కాదు. అప్పుడు కొన్ని కుటుంబాలు నది వెంట ఎగువకో, పక్క లోయకో కదిలేవి. వెళ్ళేవారు తమ వోర్షుద్‌ను వెంట తీసుకెళ్ళాలి. అందుకోసం పాత ఊరి పెద్ద కువాలా పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసుకుని, కొత్త ఊరి కువాలా పొయ్యిలో వేసేవారు. ఈ తంతు పెళ్ళి ఊరేగింపు పద్ధతిలో, పెళ్ళి పాటలతో జరిగేది. బూడిద చేరేదాకా కొత్త చోటు నివాసమే తప్ప వంశస్థానం కాదు.

ఈ ఆచారం వల్ల పిల్ల ఊరికి తల్లి ఊరితో పేరూ, పూజా బంధం తెగేవి కావు. మాట సంగతి వేరు. తల్లి ఊరు రెండు రోజుల నడక దూరంలో ఉంటే, పిల్ల ఊరివారు రోజూ మాట్లాడేది పక్కనున్న మరో వంశం వారితోనే. పైగా సొంత వంశంలో పెళ్ళి నిషేధం కాబట్టి కోడళ్ళందరూ ఆ పక్క వంశాల నుంచే రావాలి. అంటే ప్రతి ఇంట్లో పిల్లలకు మాటలు నేర్పే తల్లి, నిర్వచనం ప్రకారమే, వేరే వంశం మనిషి. వంశానికొక యాస స్వచ్ఛంగా నిలవడం ఇటువంటి సమాజంలో సాధ్యం కాదు. రెండు మూడు తరాల్లో ఒకరికొకరు ఆడపిల్లలను ఇచ్చిపుచ్చుకునే ఊళ్ళన్నీ ఒకే యాసలోకి వచ్చేస్తాయి. మాండలికం హద్దు వంశం హద్దు మీద కాక, పెళ్ళి సంబంధాలు ఎంత దూరం సాగాయో ఆ హద్దు మీద పడుతుంది.

వత్కా, కల్మెజ్: రెండు పేర్లు, ఎన్నో చిక్కులు

వంశాల పైన రెండు పెద్ద సమూహాలు ఉండేవని ఉద్ముర్త్ మౌఖిక సంప్రదాయం చెబుతుంది. ఒకటి వత్కా, రెండోది కల్మెజ్. వత్కా వారు మొదట వ్యాత్కా నది తీరాన, నేటి కీరోవ్ నగరం పరిసరాల్లో ఉండేవారని, రష్యన్లు అక్కడ స్థిరపడటంతో తూర్పున చెప్త్సా నది వెంట జరిగారని కథనాలు. కల్మెజ్ వారిది కిల్మెజ్ నదీ ప్రాంతం. ఉత్తర మాండలికాలు వత్కా నుంచి, మిగిలినవి కల్మెజ్ నుంచి వచ్చాయన్న సులువైన వివరణ చాలాకాలంగా ప్రచారంలో ఉంది.

ఇది సగం మాత్రమే నిలుస్తుంది. చెప్త్సా లోయలో గ్లాజోవ్ పట్టణం దగ్గర ఇద్నాకర్ అనే కోట శిథిలాలు ఉన్నాయి. తవ్వకాల ప్రకారం అది 9 నుంచి 13వ శతాబ్దం దాకా జనంతో కళకళలాడిన స్థావరం. ఎముకతో, లోహంతో పనిచేసే చేతివృత్తులు అక్కడ సాగాయి. జానపద కథల్లో దొందా అనే వీరుడి కొడుకు ఇద్నా కట్టిన కోట అది. అంటే రష్యన్లు వ్యాత్కా తీరంలో బలపడక ముందే చెప్త్సా మీద జనం ఉన్నారు. పడమటి నుంచి వచ్చినవారు ఖాళీ అడవిలోకి కాదు, అప్పటికే ఉన్న తమవారి మధ్యకు వచ్చి కలిశారని భావించడమే సమంజసం. ఇక దక్షిణాది వంశాల్లో కొన్ని ఈ రెండు పేర్లలో దేని కిందా సరిగా ఒదగవు. టాటార్లు వీరిని ‘అర్’ అని పిలిచేవారు. నేటి టాటార్‌స్తాన్‌లోని అర్స్క్ పట్టణం పేరు ఆ మాటను గుర్తుచేస్తుంది.

భూమి కోసం జరిగిన పోటీలను కూడా కథలు భద్రపరిచాయి. ఒక కథలో ఉద్ముర్త్ వీరుడు, పొరుగు జాతి అయిన మారి వీరుడు నది ఒడ్డున నిలబడి గడ్డి మొలిచిన మట్టిదిబ్బను కాలితో తన్ని అవతలి ఒడ్డుకు ఎగరేయాలి. గెలిచినవాడిదే నేల. ఉద్ముర్త్ వీరుడు ముందురోజు రాత్రే తన దిబ్బను అడుగున కోసి, చూడటానికి మామూలుగా ఉండేలా తిరిగి అమర్చి పెడతాడు. తెల్లవారి తన్నగానే అది గాలిలో ఎగిరి అవతల పడుతుంది. మారి వారు తమ చోటు వదిలి వెళ్ళిపోతారు. దీన్ని జరిగిన సంఘటనగా తీసుకోనక్కర్లేదు. అయితే వ్యాత్కా పరిసరాల్లో రెండు జాతులు నేల కోసం పోటీపడ్డాయని, నదులే సరిహద్దులని కథ చెప్పేవారికి బాగా గుర్తుంది.

రెండు రాజ్యాలు, రెండు పొరుగులు

మాండలికాలను వంశాలకన్నా గట్టిగా చీల్చింది రాజకీయ సరిహద్దు. 1236లో మంగోలుల దాడితో, వోల్గా నదీ ప్రాంతంలోని పాత టర్కిక్ రాజ్యం వోల్గా బల్గేరియా కూలింది. తర్వాత దక్షిణాది ఉద్ముర్తులు క్రమంగా టాటార్ల రాజ్యమైన కజాన్ ఖానేట్ పాలనలోకి వెళ్ళారు. ఉత్తరాన వ్యాత్కా ప్రాంతాన్ని 1489లో మాస్కో తనలో కలుపుకుంది. ఇవాన్ నాలుగో రాజు కజాన్‌ను 1552లో గెలిచే వరకు ఉత్తర, దక్షిణ ఉద్ముర్తులు వేర్వేరు రాజ్యాల్లో ఉన్నారు. పన్ను ఎవరికి కట్టాలి, సంతకు ఎక్కడికి వెళ్ళాలి, రెండో భాషగా ఏది నేర్చుకోవాలి అన్నవి అక్కడే విడిపోయాయి. ఉత్తరాన రష్యన్, దక్షిణాన టాటార్.

కజాన్ పడిపోయాక మరో కదలిక మొదలైంది. పన్నుల భారం, ఆ తర్వాత బలవంతపు మత మార్పిడి తప్పించుకోవడానికి చాలా కుటుంబాలు కామా నదిని దాటి బష్కీర్ల భూముల్లోకి వెళ్ళాయి. 16 నుంచి 18వ శతాబ్దం దాకా అలలు అలలుగా సాగిన ఈ వలసతో నేటి ఉత్తర బష్కొర్తొస్తాన్‌లో, పెర్మ్ ప్రాంతపు దక్షిణ అంచున ఉద్ముర్త్ ఊళ్ళు వెలిశాయి. 1740లలో ఆర్థడాక్స్ మిషనరీల ఒత్తిడి తీవ్రమైనప్పుడు కామాకు ఇవతల ఉన్నవారిలో అత్యధికులు జ్ఞానస్నానం తీసుకున్నారు. అవతలి ఒడ్డున ఉన్నవారిలో చాలామంది పాత పూజలు వదల్లేదు. అనేక ఊళ్ళు కలిసి జరిపే సామూహిక ప్రార్థనలు ఆ ప్రాంతంలో నేటికీ జరుగుతున్నాయి. మరికొందరు వ్యాత్కాకు పడమట, నేటి టాటార్‌స్తాన్‌లోని కుక్మోర్ పరిసరాల్లో ఉండిపోయారు. 2010 లెక్కల్లో ఉద్ముర్తియా లోపల ఉన్న ఉద్ముర్తులు సుమారు 4,10,000 మంది. టాటార్‌స్తాన్, బష్కొర్తొస్తాన్, పెర్మ్ ప్రాంతాల్లో ఒక్కోచోట ఇరవై వేలకు పైగా ఉన్నారు.

ఉచ్చారణలో కనిపించే దారులు

భాషావేత్తలు ఉద్ముర్త్‌ను స్థూలంగా ఉత్తర, మధ్య, దక్షిణ మాండలికాలుగా, వాటికి తోడు బెసెర్మన్ అనే చిన్న జనసమూహపు యాసగా విభజిస్తారు. దక్షిణంలో కూడా ఉద్ముర్తియా లోపలి యాసలు వేరు, కుక్మోర్, బవ్లీ, తతిష్లీ వంటి అంచు ప్రాంతాల యాసలు వేరు. తేడాలు ఉన్నా ఒకరి మాట ఒకరికి అర్థం కానంత దూరం లేదు.

తేడాల్లో కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఆ రెండింటినీ విడదీయడమే అసలు పని. పాత పెర్మిక్ భాషలో తెలుగు వర్ణమాలలోని ‘ఙ’ను పోలిన ధ్వని ఉండేది. తెలుగులో ఆ అక్షరం ‘వాఙ్మయం’ వంటి మాటల్లో తప్ప కనబడదు. ఉద్ముర్త్‌లోనూ ఆ ధ్వని చాలా యాసల్లో ‘మ’గా, ‘న’గా మారిపోయింది. ముఖాన్ని, చెంపను చెప్పే మాట పుస్తక భాషలో ‘బమ్’. దక్షిణాది యాసల్లో, ముఖ్యంగా అంచు ప్రాంతాల్లో అదే మాట ‘బఙ్’గా వినబడుతుంది. ఇక్కడ వలస వెళ్ళినవారు కొత్తగా ఏమీ చేర్చలేదు. బయలుదేరిన నాటి పాత ఉచ్చారణను మూట కట్టుకుని వెళ్ళారు, వెనుక ఉన్నవారు దాన్ని వదిలేశారు. ఆ ప్రాంతాల చుట్టూ ఉన్న టాటార్, బష్కీర్ భాషల్లో కూడా ఆ ధ్వని ఉండటం దాన్ని నిలబెట్టడానికి తోడ్పడి ఉండవచ్చు.

అచ్చుల విషయంలో జరిగింది దీనికి ఎదురు. పుస్తక భాషలో ఏడు అచ్చులుంటే, అంచు దక్షిణ యాసల్లో టాటార్‌ను పోలిన అదనపు అచ్చులు చేరాయి. అక్కడివారిలో ఎక్కువమందికి టాటార్ కూడా నోటికి వచ్చిన భాషే కాబట్టి ఇది సహజం. ఒకే యాస హల్లుల్లో పాతదనాన్ని, అచ్చుల్లో కొత్తదనాన్ని చూపడం వలస భాషల్లో తరచు కనబడే లక్షణమే. ఏ యాస ‘స్వచ్ఛమైనది’ అన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

ఉత్తరాన వ్యాకరణంలో ఒక అందమైన విశేషం ఉంది. ‘పేతిర్ వాళ్ళింట్లో’, ‘పేతిర్ వాళ్ళింటికి’, ‘పేతిర్ వాళ్ళింటి నుంచి’ అనడానికి పుస్తక భాషలో ‘దగ్గర’ అనే అర్థమిచ్చే ‘దోరిన్’ వంటి విడి మాట వాడతారు. ఉత్తరాది యాసల్లో, బెసెర్మన్‌లో మనిషి పేరుకే నేరుగా -న్యిన్, -న్యే, -న్యిస్ అనే ప్రత్యయాలు చేరతాయి. అంటే ఫలానా వారి ఇల్లు అన్న భావనకు ఒక విభక్తి వరుసే ఏర్పడింది. ఊరు పేర్లతో కాక ఇంటివారి పేర్లతో చోటును గుర్తుపట్టే పల్లె జీవితం ఆ ప్రత్యయాల్లో వినిపిస్తుంది.

మాటల విషయంలో పొరుగు భాషల ముద్ర మరీ స్పష్టం. తల్లికి పాత పెర్మిక్ మాట ‘ముమి’. టర్కిక్ మూలం నుంచి వచ్చింది ‘అనాయ్’. తండ్రికి దక్షిణాది వాడుక ‘అతాయ్’ కూడా టర్కిక్ మాటే. కొన్ని యాసలు ‘బుబి’ అంటాయి. తల్లిదండ్రులను పిలిచే మాట అరువు తెచ్చుకోవడం పైపై పరిచయంతో జరగదు. ఇళ్ళు పక్కపక్కన ఉండి, తరతరాలు కలిసి బతికినప్పుడే జరుగుతుంది.

ఒకే వంశం, రెండు యాసలు

పుర్గా ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. మలయా పుర్గా దక్షిణ యాసల నేల. ఇగ్రా జిల్లా మాటతీరు ఉత్తర, మధ్య యాసల వైపు మొగ్గుతుంది. వోర్షుద్ పేరు ఒకటే అయినా, యాస దిగిన లోయను బట్టి మారింది. వంశమే మాండలికానికి పునాది అయితే ఈ రెండు ఊళ్ళవారి మాటతీరు ఒకలా ఉండాలి. అలా లేదు.

అలాగని వంశ చరిత్ర పనికిరానిదని కాదు. మధ్య మాండలికాల్లో ఉత్తరాది లక్షణాలు, దక్షిణాది లక్షణాలు పక్కపక్కనే ఎందుకు ఉన్నాయో దాని ద్వారానే తెలుస్తుంది. ఉత్తరం నుంచి దిగిన వంశాలు, దక్షిణం, పడమటి నుంచి ఎక్కిన వంశాలు నడిమి అడవుల్లో కలిశాయి, ఒకరికొకరు ఆడపిల్లలను ఇచ్చుకున్నారు. ఆ కలయిక యాసలోనూ కనబడుతుంది. కామా అవతలి యాసల్లో దక్షిణాది లక్షణాలు ఎందుకున్నాయన్నదానికీ వోర్షుద్ పేర్లే సాక్ష్యం. ఆ ఊళ్ళవారు తమవిగా చెప్పుకునే వంశాలు కామా ఇవతలి దక్షిణ ప్రాంతాల్లోనూ ఉన్నాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఒక ఊళ్ళో రెండు మూడు వోర్షుద్‌లు ఉన్నప్పుడు ఊరి పేరు వాటిలో ఒకదాన్నే చెబుతుంది. కొన్నిచోట్ల నది పేరు ముందు పుట్టి, దాని నుంచి ఊరికి వచ్చి ఉండవచ్చు. తక్కిన చోట్ల వంశం పేరే నదికి ఎక్కి ఉండవచ్చు. అందుకే ఊరి పేరును యాస లక్షణాలతో, పన్ను పత్రాలతో, తవ్వకాలతో సరిపోల్చకుండా ఒంటరిగా నమ్మడం ప్రమాదకరం.

బెసెర్మన్: సూత్రానికి లొంగని ఉదాహరణ

చెప్త్సా పరిసరాల్లో ఉత్తర ఉద్ముర్తుల మధ్యే బెసెర్మన్ అనే చిన్న జనసమూహం ఉంది. 2002లో 3,122 మంది, 2010లో 2,201 మంది తమను బెసెర్మన్‌లుగా నమోదు చేసుకున్నారు. వారి పేరు ‘ముస్లిం’ అన్న అర్థమిచ్చే పాత తూర్పు మాటతో ముడిపడిందని సాధారణ అభిప్రాయం. సంస్కృతిలో టర్కిక్ జాడలున్నాయి. మాట్లాడేది మాత్రం ఉద్ముర్తే. అందులోనూ ఉత్తర, దక్షిణ లక్షణాలు రెండూ కలిసి ఉండటం, అచ్చుల తీరు చుట్టుపక్కల యాసలకు భిన్నంగా ఉండటం భాషావేత్తలను చాలాకాలంగా ఆకర్షిస్తోంది. ఉత్తరాన ఉంటూ దక్షిణ లక్షణాలు చూపడాన్ని పొరుగు ప్రభావంతో వివరించలేం. దక్షిణం నుంచి వచ్చిన పూర్వీకులు తమ వేరైన గుర్తింపును గట్టిగా పట్టుకుని ఉండటమే దీనికి బలమైన వివరణ. పొరుగు గెలిచిన చోట్లు అనేకం. ఇక్కడ మాత్రం గుర్తింపు పొరుగును ఆపింది.

పుస్తక భాష ఎటు మొగ్గింది

ఈ తేడాలు రాతలోకి కూడా వచ్చాయి. ఉద్ముర్త్ తొలి వ్యాకరణం 1775లో వెలువడింది. 1847లో తొలి వాచకాలు, సువార్త అనువాదాలు అచ్చయినప్పుడు ఒకే ఉద్ముర్త్ రూపంలో రాలేదు. గ్లాజోవ్ యాసలో ఒకటి, సారాపుల్ యాసలో మరొకటి వచ్చాయి. అనువాదకులు ఉత్తర, దక్షిణ పాఠకులను రెండు వేర్వేరు శ్రోతలుగానే చూశారు. 1920లో స్వయంప్రతిపత్తి ప్రాంతం ఏర్పడ్డాక బడులకు, పత్రికలకు ఒకే ప్రమాణం కావాల్సి వచ్చింది. ఒక మాండలికాన్ని నెత్తిన పెట్టుకోకుండా, ధ్వనుల్లో, వ్యాకరణంలో అందరికీ ఉమ్మడిగా ఉన్న వాటిని తీసుకుని, మాటల విషయంలో ఉత్తర, దక్షిణ పదాలను పక్కపక్కనే పర్యాయపదాలుగా నిలబెట్టారు. ముమి, అనాయ్ రెండూ అలాగే పుస్తకాల్లో చోటు సంపాదించుకున్నాయి.

ఇప్పుడు జరుగుతున్నది

గత వందేళ్ళలో మాండలికాలను కలిపింది పెళ్ళిళ్ళు, లోయలు కాదు, నగరాలు. గ్లాజోవ్ పల్లెల యువతి, మొఝ్గా పల్లెల యువకుడు ఇజెవ్స్క్‌లో కలిసినప్పుడు ఇద్దరి యాసల మధ్య కొత్త ఉద్ముర్త్ యాస పుట్టాలి. కొన్ని ఇళ్ళలో పుడుతోంది కూడా. చాలా ఇళ్ళలో మాత్రం ఆ ఇద్దరూ రష్యన్‌లోకి మారిపోతారు, పిల్లలకు రష్యనే వస్తుంది. పూర్వం రెండు వంశాలు కలిసినచోట కొత్త మాండలికం పుట్టిన ప్రక్రియకు ఇదే ప్రధాన అడ్డంకి. అప్పుడు ఇరుపక్షాలకూ ఉద్ముర్త్ తప్ప మరో ఉమ్మడి భాష లేదు, ఇప్పుడు ఉంది.

అంచు ప్రాంతాల్లో పరిస్థితి కొంత భిన్నం. బష్కొర్తొస్తాన్‌లోని ఉద్ముర్త్ ఊళ్ళలో పాత మతం, ఊరంతా ఒకే జాతి కావడం, పొరుగున రష్యన్ కన్నా టాటార్, బష్కీర్ ఎక్కువ వినబడటం వల్ల ఇంటి భాష ఇంకా గట్టిగానే ఉంది. రాజధానికి అత్యంత దూరంలో, పుస్తక భాషకు అత్యంత భిన్నంగా ఉన్న యాసలు రాజధాని పరిసర యాసల కన్నా ఎక్కువకాలం నిలిచే అవకాశం ఉంది.

ఇజెవ్స్క్ పరిశోధకులు ఒక్కో మాటకు ఒక్కో పటం గీసి, ఏ ఊరు ఏ రూపం వాడుతుందో చుక్కలతో చూపే మాండలిక పటాల సంపుటాలను 2009 నుంచి వెలువరిస్తున్నారు. ఆ చుక్కల పక్కన వోర్షుద్ పేర్లున్న ఊళ్ళను కూడా గుర్తిస్తే, ఏ మాట మనుషులతో నడిచి వచ్చిందో, ఏ మాట పొరుగింటి గోడ దాటి వచ్చిందో ఊరు ఊరుకీ విడదీసి చూడవచ్చు. ‘బఙ్’ అని పలికే వృద్ధులు ఉన్న ఊళ్ళ నుంచే ఆ పని మొదలుకావాలి.